పర్మనెంటు కోడలు

పండుమిరపకాయలు రోట్లో దంచుతున్నాను. మోచేతుల దాకా మంట. అప్పుడు తెలిసింది, నాకు టీచరుద్యోగం వచ్చిందని. మా అత్తగారు పున్నమ్మ కళ్లు చిట్లించి, "పర్మనెంటేనా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే సరే. ముందు పచ్చడి కానీ" అంది.

ఈ ఇంట్లో ఆ మాట వినీ వినీ నాకు రోత పుట్టింది. పెళ్లిచూపుల్లో మా ఆయన త్రినాథ్‌ది పర్మనెంటు వ్యాపారమన్నారు. ఆ పురుగుమందుల కొట్టు రెండేళ్లకే మూతపడింది. తర్వాత మార్టూరులో రాళ్లు పాలిష్ పట్టిస్తానన్నాడు, అదీ పర్మనెంటే. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో మిర్చి దాచి, రేటు కోసం అరుగు మీద కూర్చుని ఎదురుచూడటం. అత్తగారి కీళ్లనొప్పులు పర్మనెంటు, ఆవిడ మంచం దగ్గరికి అన్నం మోయడం నాకు పర్మనెంటు. మగాడు ఎన్నిసార్లు బోర్డు తిప్పేసినా స్థిరపడుతున్నట్టే లెక్క. సిగ్గుండాలి.

పోస్టింగు కోరుకోవడానికి ఒంగోలు వెళ్లాం. దారి పొడుగునా మా ఆయన పాఠం చెప్పాడు.

"మన ఊరి బళ్లో ఖాళీ ఉంది, అదే అడుగు. పొద్దున్నే వండేసి పోతావు, మధ్యాహ్నం వచ్చి అమ్మకి అన్నం పెడతావు. ఒకసారి అడిగాక మళ్లీ మార్చరంట. తిక్కతిక్కగా చేయబాక."

ఆడవాళ్లకి ఉద్యోగాలొస్తే ఊళ్లు మొగుళ్లే ఎంచడం మా వైపు ఆనవాయితీ. హాలు బయట మొగుళ్లంతా గుంపుగా నిలబడి మా బతుకులు పంచుకుంటున్నారు. తీరా చూస్తే, అభ్యర్థులు తప్ప ఇంకెవరూ లోపలికి రాకూడదన్నారు. మా ఆయన కిటికీ ఊచలు పట్టుకుని, "మన ఊరే!" అని అరిచాడు. అంతమందిలో నాకు తలకొట్టేసినట్టయింది.

"ఎక్కడమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"చీరాల అండీ."

"మీ ఊళ్లోనే ఖాళీ ఉందిగా? బాగా ఆలోచించుకున్నావా? తర్వాత మార్చమంటే కుదరదు."

"కుదరకూడదనే అడుగుతున్నానండీ."

సంతకం పెట్టేటప్పుడు ఊరి పేరు రెండుసార్లు చదువుకున్నాను. భయమే, దాచుకోను. ఎనిమిదేళ్ల కాపురంలో నా అంతట నేను ఒక్క కూర కూడా నిర్ణయించి ఎరగను.

బయటికి రాగానే మా ఆయన ఎదురొచ్చి, "మన ఊరేగా?" అన్నాడు.

"చీరాల. అక్కడే ఇల్లు తీసుకుంటా. మన పాపని అక్కడే బళ్లో వేస్తా."

నోరు తెరిచాడు. ఉద్యోగం గురించి అడగలేదు, పాప గురించి అడగలేదు.

"మరి అమ్మకి అన్నం ఎవరు పెడతారే?"

"ఆవిడకి కొడుకున్నాడుగా" అన్నాను.