తలకట్టుకి తలపాగా

తను వయసులో ఉన్న ఆ పదేళ్లూ పసుపు రంగులో ఉండేవని బొత్తాల మామ్మకి డెబ్బై నాలుగేళ్లు వచ్చేదాకా తెలీదు. సీరియల్ వాళ్లు వచ్చి చెప్పాకే తెలిసింది.

ఎప్పుడో మూతపడిన బొత్తాల ఫ్యాక్టరీని వాళ్లు అద్దెకు తీసుకున్నారు. గోడలకి శుభ్రంగా సున్నం వేయించి, ఆ సున్నం మీద బకెట్లకొద్దీ టీ డికాషన్ పూశారు. బల్లలకి పూశారు, స్టూళ్లకి పూశారు, పని బట్టల్ని అందులోనే ముంచి ఆరేశారు. గోడ గడియారాన్ని కూడా వదల్లేదు.

"అదేంటి నాయనా, లక్షణమైన గోడకి ఈ గతి పట్టించారు?" అని మామ్మ అడిగింది.

"ఆ కాలం ఇలాగే ఉండేది మామ్మగారూ" అన్నాడు డైరెక్టరు.

"ఆ కాలంలో నేనున్నాను కదా! ఆకాశం నీలంగానే ఉండేది."

"మీరు అందులోనే ఉన్నారు కాబట్టి మీకు తెలిసుండదు" అన్నాడతను, చాలా మర్యాదగా.

మామ్మని పెట్టుకున్నదే తప్పులు చెప్పడానికి. ఆ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు చొక్కా బొత్తాలకి కన్నాలు పొడిచింది. సీరియల్లో కథానాయిక అంటే వయసులో ఉన్నప్పటి మామ్మే. అందుకని ఒక మడత కుర్చీ వేసి, వెనకాల "సలహాదారు" అని రాసిన అట్ట కట్టారు. నాలుగు రోజుల్లో మామ్మ పదకొండు తప్పులు చెప్పింది. డైరెక్టరు పదకొండింటికీ దండం పెట్టి, ఒక్కటీ దిద్దలేదు.

సీరియల్లో ఎవరికి కోపం వచ్చినా వాన కురిసేది. ఆ పదేళ్లలో మూడేళ్లు చుక్క రాలలేదని మామ్మ చెప్పింది. "కోపానికి వాన ఉండాలండీ" అన్నారు. ఎవరు రేడియో పెట్టినా ఆ క్షణానే ప్రభుత్వం పడిపోయేది. మామ్మకి గుర్తున్నంతవరకూ రేడియో పెడితే గరగరమనేది, నెత్తి మీద ఒకటి మొడితే పంటలకి పట్టే పురుగుల గురించి చెప్పేది. ఇద్దరు ప్రేమించుకుంటే వాళ్ల వెనకాల తప్పకుండా ఒక ఊరేగింపు పోయేది. కథానాయిక జుట్టు విరబోసుకుని మిషను ముందు కూర్చునేది. "అలా కూర్చుంటే అరనిమిషంలో బోడిగుండు అవుతావమ్మా" అని మామ్మ అంటే, ఆ పిల్ల భయపడి రెండు చేతులతో జుట్టు పట్టుకుంది. ఆ షాటూ బాగుందన్నారు.

ఇవన్నీ మామ్మ పోనీలే అనుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఊదినవాడికే ఆయాసం. ఆమె కుర్చీకి అతుక్కుని కూర్చున్నది అయిదో రోజు కోసం. ఆ రోజు సమ్మె సీను. వదిన రాసిన మాట తెర మీద వినబడే రోజు.

వదిన అంటే మామ్మ మొగుడికి అక్క. పక్క మిషను మీదే పనిచేసేది. అప్పట్లో ఫ్యాక్టరీలో రెండొందల మంది ఆడవాళ్లు, మరుగుదొడ్డి మాత్రం లేదు. పొద్దున ఏడింటికి లోపలికి వెళితే సాయంత్రం అయిదింటి దాకా ఎవరూ మంచినీళ్లు ముట్టేవాళ్లు కాదు. వదిన మూత్రపిండాలు పాడైంది అక్కడే. సమ్మె చేద్దామన్నప్పుడు ఆ సంగతి మగవాళ్ల ముందు ఎలా అనాలా అని అందరూ సిగ్గుతో చచ్చిపోతుంటే, వదినే ఆలోచించి అట్ట మీద బొగ్గుతో రాసింది: "మాకు మరుగు కావాలి." నాలుగో రోజుకి గెలిచారు. పెరటి మూల గది కట్టారు. వదిన ఉద్యోగం ఊడింది.

"మన సంగతి ఎవరైనా చెప్పుకుంటే ఆ మాటే చెప్పాలే. సిగ్గుపడి మార్చారో, నేను దెయ్యమై పట్టుకుంటాను" అనేది వదిన. చనిపోయే వారం ముందు కూడా అంది. మామ్మ సరేనంది.

అయిదో రోజు పొద్దున్నే వంద మంది ఆడవాళ్లని లారీలో తీసుకొచ్చి డికాషన్ బట్టలు తొడిగారు. ఒక్కొక్కరి చేతికి ఒక అట్ట ఇచ్చారు. మామ్మ కళ్లజోడు తుడుచుకుని చదివింది. మళ్లీ తుడుచుకుని మళ్లీ చదివింది.

మాకు మెరుగు కావాలి.

"ఇదేంటి బాబూ! మరుగు కదా!"

మాటల రచయిత పరిగెత్తుకొచ్చి, పాత పేపర్లోని ఫోటో చూపించాడు. అందులో వదిన అట్ట పట్టుకుని నిలబడి ఉంది. "చూడండి మామ్మగారూ, మె. ఎత్వం స్పష్టంగా ఉంది."

మామ్మ నెత్తి కొట్టుకుంది. "అది ఎత్వం కాదు నాయనా, తలకట్టు! మా వదిన చదివింది మూడో తరగతి. తలకట్టు పెట్టమంటే తలపాగా చుట్టేది!"

రచయిత మొహం సున్నం కొట్టినట్టయింది. అప్పటికి అరవై భాగాలు రాశాడు. మెరుగైన సమాజం, మెరుగైన రేపు, మెరుగైన మనిషి. సీరియల్ పాటే "మెరుగు మెరుగు" అని మొదలవుతుంది. ఆ మాట వినే గిన్నెలు తోమే పొడి కంపెనీ వాళ్లు డబ్బు పెట్టారు.

డైరెక్టరు మామ్మ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "మామ్మగారూ, ఆ పదేళ్లలో లోకమే తలకిందులైంది. అంత పెద్ద మార్పుని తీసుకెళ్లి దొడ్లో పెట్టమంటారా?"

"మేమేం పెట్టలేదు బాబూ, అది మొదలైందే అక్కడ. ఇంతకీ ఆ గదేది? మూలన ఉండాలే."

డైరెక్టరు అటూ ఇటూ చూశాడు. "క్రేను తిరగడానికి అడ్డంగా ఉందని మొన్న కొట్టించేశాం."

మామ్మ ఖాళీగా ఉన్న మూల వైపు చూసింది. సమ్మె సీను తీయడానికి సమ్మె గెలిచిన గదినే కూల్చారు!

ఎండ నడినెత్తికి వచ్చింది. వాన ట్యాంకరు ఆలస్యమైందని అందర్నీ నిలబెట్టే ఉంచారు. మామ్మ తల తిప్పితే నీళ్ల డ్రమ్ము కనిపించింది. నిండుగా ఉంది. గ్లాసుకి తడి కూడా తగల్లేదు. ముందు వరసలో ఒకావిడ నిలబడి ఉంది, లారీ దిగినప్పటి నుంచీ ఆమె గొంతే వినిపిస్తోంది కాబట్టి అంతా పెద్దగొంతక్క అంటున్నారు.

"దాహం వేయట్లేదా అమ్మా?" అని మామ్మ అడిగింది.

"ఎందుకు వేయదు మామ్మా! తాగితే ఎక్కడికి పోవాలి? ఉన్న ఒక్కటీ కథానాయిక కారవాన్‌లో ఉందట, దానికి తాళమట. పొద్దున ఏడింటి నుంచీ బిగబట్టుకుని చస్తున్నాం."

యాభై ఏళ్లు ఎక్కడికీ పోలేదు, డికాషన్ పూసుకుని ఇక్కడే నిలబడ్డాయి. మామ్మ కుర్చీలోంచి లేచి, గ్లాసు డ్రమ్ములో ముంచి, చీర కొంగు తడిపి, పెద్దగొంతక్క అట్ట మీద ఎత్వాన్ని రుద్దింది. రంగు కూడా డికాషనే కాబట్టి ఒక్క రుద్దుకి పోయింది. డికాషన్ కాచిన పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసి తలకట్టు గీసింది, వదిన గీసినంత పొడుగు కాకుండా.

పెద్దగొంతక్క చదివింది. ఆమెకి ఎవరూ ఏమీ వివరించక్కర్లేకపోయింది.

"మాకు మరుగు కావాలి!"

"కావాలి!" అన్నారు తొంభై తొమ్మిది మంది.

"కెమెరా! కెమెరా!" అని డైరెక్టరు ఎగిరాడు. "అబ్బా, ఆ మొహాలు చూడండి! ఆ బాధ చూడండి! నేర్పితే వచ్చేదా ఇది?" పది నిమిషాలు తీశాడు. తర్వాత తృప్తిగా "కట్" అన్నాడు.

ఎవరూ ఆగలేదు.

"కట్ అన్నానమ్మా!"

"మేమేం అతికించుకోలేదు, నువ్వు కట్ చేయడానికి!" అని పెద్దగొంతక్క కింద కూర్చుంది. అందరూ కూర్చున్నారు.

"కూర్చోవడం స్క్రిప్టులో ఉందా?" అని డైరెక్టరు రచయితని గొణుగుతూ అడిగాడు. రచయిత కాగితాలు తిరగేశాడు. అప్పుడే వాన ట్యాంకరు వచ్చింది. సమయం కాని సమయంలో వాన కురిసింది. కూర్చున్నవాళ్లకి ఆ నీళ్ల చప్పుడు మరీ ప్రాణసంకటమైంది. నినాదం రెట్టింపైంది.

గోల విని కథానాయిక కారవాన్ దిగి వచ్చింది. మామ్మ చెవిలో "నేనూ అరవాలా మామ్మగారూ?" అంది.

"నువ్వే కదమ్మా నేను. గట్టిగా అరువు."

ఆమె తాళం చెవి పెద్దగొంతక్క చేతిలో పెట్టి, జుట్టు ముడేసుకుని, ముందు వరసలో కూర్చుంది. ఒక్క తాళం వంద మందికి ఏ మూలకి? మహా తట్టుకోలేనివాళ్లు ఇద్దరు ముగ్గురు పరిగెత్తారు. మిగతావాళ్లు కదల్లేదు. కథానాయిక కూర్చుంటే సీరియల్ కూర్చున్నట్టే. డైరెక్టరు సెట్టు వడ్రంగుల్ని పిలిచాడు.

పాత గది గొట్టాలు మూలన ఇంకా బతికే ఉన్నాయి. వాటి మీద గంటన్నరలో చెక్కలతో గది లేపారు. లేపినవాళ్లు అలవాటు కొద్దీ దానికీ డికాషన్ పూసి, యాభై ఏళ్ల నాటిదిగా చేసి పెట్టారు.

అప్పుడు నోరు విప్పింది కంటిన్యుటీ మేడమ్. ముందు షాట్‌కీ వెనక షాట్‌కీ తేడా రాకుండా అన్నీ రాసుకోవడం ఆవిడ పని. అయిదు రోజుల్లో ఆవిడ మాట్లాడటం అదే మొదలు.

"సార్, నినాదం షాట్లో ఈ గది లేదు. ఇప్పుడుంది. ఎక్కడిదని అడుగుతారు."

డైరెక్టరు గది వైపు చూశాడు. ఆడవాళ్ల వైపు చూశాడు. గడ్డం గోక్కున్నాడు. ఉన్నట్టుండి అతని మొహం వెలిగిపోయింది.

"వాళ్లు... దాన్ని గెలుచుకున్నారు! అంతే! సమ్మె చేసి గెలుచుకున్నారు! ఎలా ఉంది మామ్మగారూ నా ఆలోచన?"

"బ్రహ్మాండంగా ఉంది నాయనా" అంది మామ్మ.

"పాటలో ఒక్క ఎత్వం తీసేస్తే సరిపోతుంది" అన్నాడు రచయిత. పొడి కంపెనీకి ఫోన్ చేశారు. వాళ్లకి ఫినాయిల్ వ్యాపారం కూడా ఉందట, పొడి కంటే దాని మీదే లాభమట. వెంటనే సరేనన్నారు.

పాట పాడేవాడు ఫోన్లోనే "మరుగు మరుగు" అని ఒకసారి ఆలపించి వినిపించాడు. మామ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. విన్నావా వదినా, అనుకుంది.

మొదట మామ్మే వెళ్లాలని ఆడవాళ్లందరూ పట్టుబట్టారు. మామ్మ హుందాగా లోపలికి వెళ్లి, తలుపు వేసి, గడియ కోసం చెయ్యి చాపింది. వేళ్లు చెక్క మీద జారిపోయాయి. కళ్లజోడు సర్దుకుని చూసింది. గడియని రంగుతో వేశారు. చాలా బాగా వేశారు. తుప్పుతో సహా.

మామ్మ బయటికి వచ్చింది.

"ఏమైంది మామ్మగారూ?" అన్నాడు డైరెక్టరు.

"అప్పుడూ ఇదే అయింది బాబూ. గది కట్టారు, గడియ పెట్టలేదు. మొదటి సమ్మె నాలుగు రోజులు. గడియ కోసం చేసింది పదకొండు."

ఆమె వెనకాల, అప్పుడే లేచి బట్టలు దులుపుకుంటున్న వంద మంది ఆడవాళ్లు మళ్లీ కూర్చున్నారు.