వంకర లేని గీత

మా అక్క కారులో ఇంజన్ లైటు వెలుగుతుంది. నా షెడ్డుకి తెచ్చేసరికి ఆరిపోతుంది, డాక్టరు గుమ్మం ఎక్కగానే పంటినొప్పి మాయమైనట్టు. స్కానర్ తగిలించి చూస్తే కారు కంప్యూటరు మెమరీలో ఒక్క తప్పూ ఉండదు.

"మలుపు దగ్గర వెలిగిందిరా. బండి ముందుకి లాగనే లేదు. వెనకాల లారీ మీదకొచ్చేసింది. ప్రాణం పోయిందనుకో," అంటుంది అక్క.

"నేను నడిపితే ఒక్కసారైనా వెలగదేం? ఎండ పడి అద్దం మెరిస్తే ఈవిడకి లైటులా కనిపిస్తోంది," అంటాడు బావ.

నేను బావ మాటే నమ్మాను. ఎందుకు నమ్మను? చదువు అబ్బక వీధులు పట్టి తిరుగుతున్నవాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మెకానిక్ దగ్గర కుదిర్చింది ఆయన. సైన్‌బోర్డులు రాయడం ఆయన పని. షెడ్డు పెట్టినప్పుడు నా బోర్డు రాసిచ్చిందీ ఆయనే. నాన్నకైనా ఎదురుచెప్పానేమో గానీ బావ మాట ఏనాడూ దాటలేదు.

అక్క పాపం కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళింది. చూపు బాగానే ఉందమ్మా అని ఆయన చెప్పినా వినకుండా, ఉండీ లేనట్టున్న పవరుకి కళ్ళజోడు రాయించుకుని వచ్చింది. జోడు పెట్టుకున్నా లైటు వెలిగింది.

అదే సమయానికి ఆమెకి పక్క ఊరి ఆసుపత్రిలో హెడ్ నర్సు ఉద్యోగం వచ్చింది. ఎన్నాళ్ళుగానో కలలుగన్న ఉద్యోగం. ఆ డ్యూటీ వేళలకి బస్సులుండవు, కారే దిక్కు. సోమవారం చేరాలి, వస్తుందో రాదో ఆలోగా చెప్పాలి.

శనివారం పొద్దున్నే వచ్చి తాళం నా చేతిలో పెట్టింది. "రానని చెప్పేద్దామనుకుంటున్నానురా. లేని లైట్లు చూసేదాన్ని, అంత దూరం ఎలా నడపను? ఆఖరిసారి చూడు."

ఆమె గొంతు విని ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూశాను. స్కానర్ ఎప్పటిలాగే ఖాళీ. కానీ కారులో గడియారం పన్నెండు దాటినట్టు చూపిస్తోంది. బయట చూస్తే కొట్ల షట్టర్లు ఇంకా ఇప్పుడిప్పుడే లేస్తున్నాయి.

"ఇదేంటక్కా?"

"లైటు వెలిగిన మర్నాడల్లా అంతే, గడియారం తప్పు చూపిస్తుంది."

"ముందే చెప్పొద్దూ?"

"చెప్పాను. నువ్వు నవ్వావు."

బ్యాటరీ వైరు ఊడదీసి పెడితే గడియారం మళ్ళీ పన్నెండు నుంచి మొదలవుతుంది. దాంతోపాటే మెమరీలో తప్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. వైరు దానంతటది ఊడి, దానంతటది బిగుసుకోదు. గబగబా బానెట్ ఎత్తాను.

ఇంజన్‌లోకి వెళ్ళే గాలిని కొలిచే సెన్సర్ ఒకటుంటుంది. దాని ప్లగ్ నొక్కి బిగించాక, సెన్సర్ మీంచి ప్లగ్ మీదకి పసుపు రంగుతో సన్నటి గీత గీయడం నా అలవాటు. ప్లగ్ నూలుపోగంత కదిలినా గీత తెగుతుంది. ఆ రంగు డబ్బా బావ ఇచ్చిందే. నా గీత చూసినప్పుడల్లా ఆయన వెక్కిరించేవాడు, "తాగినవాడు నడిచినట్టుందిరా" అని.

గీత తెగలేదు. అది చూసే ఇన్నాళ్ళూ ప్లగ్ జోలికి పోలేదు నేను. ఇవాళ టార్చి వేసి వంగి చూశాను. గీత రూళ్ళకర్ర పెట్టినట్టు నిటారుగా ఉంది. దాని కింద, అటో ముక్క ఇటో ముక్క, నా పాత వంకర గీత. ఆ రెండు ముక్కలూ ఒకదానికొకటి కలవడం లేదు.

ఎవరో ప్లగ్ కదిపి, పైన కొత్త గీత గీశారు. అక్క చేత ఇంజన్ స్టార్ట్ చేయించి ప్లగ్‌ని వేలితో కదిపాను. ఇంజన్ తడబడింది.

"వెలిగింది! చూశావా, వెలిగిందిరా!" లోపల్నుంచి అక్క చిన్నపిల్లలా సంబరపడిపోయింది. "నా కళ్ళకేం కాలేదు!"

నేను గోడ పక్కనున్న బల్ల వైపు చూశాను. ఒక సెలవు రోజు బావ ఇదే బల్ల మీద కూర్చుని టీ తాగుతూ, "ఈ ప్లగ్ వదులైతే ఏమవుతుందిరా?" అని అడిగాడు. పొంగిపోయి అంతా చూపించాను. బ్యాటరీ వైరు తీసి పెడితే ఏ స్కానరూ పట్టుకోలేదు బావా, అని గొప్పలు కూడా పోయాను. నా విద్యతోనే మా అక్కని పిచ్చిదాన్ని చేశాడు.

అక్కని తీసుకెళ్ళడానికి ఆయన స్కూటర్ మీద రానే వచ్చాడు. నేను టార్చి వెలుగు గీత మీద పెట్టాను.

"కుదుపులకి ప్లగ్ కదిలుంటుందిలేరా," అన్నాడు తేలిగ్గా.

"కుదుపులకి గీత తెగుతుంది బావా. కుదుపులు మళ్ళీ గీత గీయవు. అందులోనూ ఇంత తిన్నగా."

ఆయన మొహం మాడిపోయింది. నా భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు. "సెన్సర్ పోయిందని చెప్పరా. సోమవారం దాటనీ. అది పొద్దస్తమానం అక్కడుంటే ఇల్లేం కాను? దాని మంచికే కదా."

ఆ చెయ్యి విదిలించుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. "ఆ లారీ గుద్దేసి ఉంటే?"

"అంతదాకా రాదనుకున్నాను..."

ఇంజన్ ఆగింది. అక్క ఎప్పుడు దిగిందో, మా వెనకే నిలబడి ఉంది. మా ఇద్దరి మధ్యలోంచి వంగి, బొటనవేలితో ప్లగ్‌ని నొక్కింది. టక్కుమంది.

"ఇంతేనా?"

"ఇంతే అక్కా."

కళ్ళజోడు తీసి మడిచి బావ చొక్కా జేబులో పెట్టింది. "డాక్టరు చెబుతూనే ఉన్నాడండీ. నేను మీ మాట విన్నాను." వెంటనే నా వైపు తిరిగింది. "గీత గియ్యరా. సోమవారం నుంచి బండి రోజూ తిరగాలి."

బావ గీసిన గీతని గుడ్డతో గట్టిగా తుడిచేశాను. ఆయనిచ్చిన రంగు డబ్బానే తెరిచి కొత్త గీత గీశాను. ఎన్నడూ లేనంత వంకరగా వచ్చింది. బావ పక్కనే నిలబడి చూశాడు గానీ, వెక్కిరించలేదు.