గేటు దగ్గర నూట అరవై మూడు అనుమానాలు

“ఎవరో ఒకాయన గేటు దగ్గరికొచ్చి, నేను ఈ బాబు మేనమామనండి అన్నాడనుకోండి. మన వాచ్‌మన్ ఏం చేస్తాడు? నమస్కారం పెట్టి, బాబు సంచీ కూడా అందించి పంపించేస్తాడు.”

ఈ మాట అన్నది సుభాషిణి. మండపేటలో ఒక ప్రైవేటు బడిలో గుమాస్తా. అప్పటికి అలాంటిదేమీ జరగలేదు. ఆ తరువాత పంతొమ్మిదేళ్ళలోనూ జరగలేదు. అయినా ఆ మాటలోంచే నేను పుట్టాను.

నేను ఒక కంప్యూటరు ప్రోగ్రామును. బడి వదిలే వేళ పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళ పేరు, వరస, పిల్ల పేరు నాలో కొడతారు. పంపవచ్చో ఆగాలో నేను చీటీ ముద్రించి ఇస్తాను. చీటీ లేనిదే గేటు తెరవరు.

సుభాషిణి చదివింది ఇంటర్మీడియట్, దానిమీద ఆరు నెలల కంప్యూటరు కోర్సు. ఆ కోర్సులో మిగతా పాఠాల మాటెలా ఉన్నా, ‘ఒకవేళ’ అనే పాఠం మాత్రం ఆమెకు సొంత ఇంట్లో కూర్చున్నట్టు అనిపించింది. ఒకవేళ ఇలా అయితే అది చెయ్యి, కాకపోతే ఇది చెయ్యి. కొడుకు పుట్టిన రోజు నుంచి ఆమె తలలో నడుస్తున్నది అదే కదా. ఇంట్లో దాన్ని చాదస్తం అనేవారు. కోర్సులో మాత్రం తర్కం అన్నారు.

దాంతో ఆమెకు కొండంత ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతో తన భయాలన్నీ నాలో రాసేసింది. ఒకవేళ వచ్చింది తల్లి అయితే పంపు. కాకపోతే, ఒకవేళ తండ్రి అయితే పంపు. కాకపోతే, ఒకవేళ బాబాయి అయితే, సొంత బాబాయా, పిలుపు బాబాయా అని అడుగు. ఇది తప్పనిసరి. మా ఊళ్ళో పాలు పోసేవాడు బాబాయి, ఆటో నడిపేవాడు అన్నయ్య, బట్టల కొట్టు ఆవిడ పిన్ని. పిల్లలు అబద్ధం చెప్పరు, పిలిచే పిలుపే చెబుతారు. ఒకవేళ అమ్మమ్మ కళ్ళజోడు లేకుండా వస్తే, ముందు పిల్లను చూపించి పేరు చెప్పమను. ఒకవేళ వచ్చినవాడు అవసరానికి మించి మర్యాదగా మాట్లాడితే, ఇంకోసారి అడుగు.

ఈ ఆఖరి ‘ఒకవేళ’ దగ్గర మా కరస్పాండెంటు గంగరాజు గారినే ఒకసారి ఆపేశాను. సొంత మనవరాలి కోసం వచ్చి, ఎండలో పావుగంట నిలబడ్డారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే త్వరగా వదిలేసేదాన్ని.

అలా మెట్టు కింద మెట్టుగా నూట అరవై మూడు ‘ఒకవేళ’లు చేరాయి. ఏ పిల్ల విషయంలోనూ తప్పు జరగలేదు. అది నా గొప్పా, మా ఊరి మంచితనమా అంటే చెప్పలేను. నాకు గుండె లేదు గాని, నా పక్కన ఎవరైనా టీ గ్లాసు పెడితే అది జారినట్టే ఉంటుంది. ఏం చెయ్యను, కన్నతల్లి పోలిక.

ఈ ఏడు సుభాషిణి ఏప్రిల్ ఆఖరుకి ఉద్యోగం మానేస్తానని చెప్పింది. నన్ను చూసుకునే పని కంప్యూటరు టీచరు నౌషీన్‌కి వచ్చింది. ఆ అమ్మాయి నన్ను తెరిచి చూసింది. మూసేసింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ తెరిచింది. తరువాత నేరుగా గంగరాజు గారి గదికి వెళ్ళింది.

“సార్, ఇది మేడమ్‌కి తప్ప ఎవరికీ అర్థం కాదండి. ఒక్క వరస మార్చాలన్నా ఎక్కడ ముట్టుకోవాలో తెలీడం లేదు.”

“పనిచేస్తుందిగా అమ్మా.”

“పనిచేస్తుందండి. మేడమ్ ఉన్నంతకాలం.”

నన్ను రాసిన కంప్యూటరు భాషకు ఈమధ్య ఒక కొత్త పద్ధతి వచ్చిందట. ఒక్కో మెట్టూ దిగుతూ అడగనక్కర్లేదట. పేరు, వరస, పిల్ల, మూడింటినీ కలిపి ఒక రూపంగా చూసి, ఏ రూపానికి ఏం చెయ్యాలో పక్కనే రాసేయవచ్చట. చూడగానే ఎవరికైనా తెలిసిపోతుందట.

సుభాషిణి ఒప్పుకోలేదు. “నడిచేదాన్ని కదపడం ఎందుకమ్మా? కదిపితే ఏదో ఒకటి జారిపోద్ది. ఏది జారిందో మనకి తెలీదు. తెలిసేసరికి...” ఆమె ఇలాంటి వాక్యాలు ఎప్పుడూ పూర్తి చెయ్యదు. పూర్తిచేస్తే నిజమవుతాయని భయం. నాకూ అదే భయం.

గంగరాజు గారు మధ్యస్థం చేశారు. “సుభాషిణమ్మా, మీరు సరేనంటేనే మారుద్దాం. వద్దంటే మాత్రం వేసవి సెలవుల్లో దీన్ని తీసేసి, యాప్ ఏదో కొనుక్కొచ్చి పెడతాను. వేలిముద్ర వేస్తే చాలంట, గేటు తెరుచుకుంటదంట.”

వేలు పెడితే చాలట. కళ్ళజోడు అడగదట, మర్యాద చూడదట. ఆ మాట వినగానే నా మెట్లన్నీ వణికాయి. అటు చూస్తే కోత, ఇటు చూస్తే చావు. సుభాషిణి “ముందు పరీక్ష చేసి చూపించమ్మా” అంది.

నౌషీన్ కొత్త పద్ధతిలో నన్ను ఇంకోసారి రాసింది. పరీక్ష గురువారం మధ్యాహ్నం జరిగింది. ఆ వేళకే మంచినీళ్ళ టిన్నులు వేసే ఏసుబాబు వచ్చాడు. అతనికి ఇరవై మూడేళ్ళు. నౌషీన్ అతని పేరు కొట్టి, వరస దగ్గర ‘తెలియదు’ అని పెట్టి, రెండో తరగతి హర్షిత పేరు ఇచ్చింది. నా కొత్త రూపం తడుముకోకుండా చీటీ తీసింది. తాతయ్య. పంపవచ్చు.

ఏసుబాబు చీటీ చదువుకుని టిన్ను కిందపెట్టాడు. “నాకింకా సంబంధాలే చూడలేదండి.”

“కంగారుపడకు. చీటీ ఉంది కదా, మనవరాల్ని తీసుకెళ్ళు” అన్నారు గంగరాజు గారు.

“ఆయ్, మా అమ్మకి చెప్పి వస్తానండి.”

వాచ్‌మన్ పేరు కొట్టారు. తాతయ్య. నౌషీన్ తన పేరు కొట్టుకుంది. ఆ అమ్మాయీ తాతయ్యే. బడి ఎదురుగా బజ్జీల బండి ఆవిడ కూడా తాతయ్యే అయింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

నౌషీన్ తల పట్టుకుంది. “ఆఖరి వరుస తాతయ్యదండి. వచ్చినవాళ్ళ వరసను ఆ మాటతో పోల్చి చూస్తుందనుకున్నాను. ఈ కొత్త పద్ధతిలో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకుండా ఉత్త పేరు రాస్తే పోల్చదంట, మిగిలిపోయిన వాళ్ళందరికీ ఆ పేరు తగిలించేస్తుందంట. తప్పు నాదేనండి.”

“ఇదేనమ్మా నేను చెప్పేది” అంది సుభాషిణి. ఆ మాట గెలిచినట్టుగా అనలేదు. నేనూ మనసులో యాప్‌కు దారి ఇచ్చేసి, సామాను సర్దుకున్నాను.

నౌషీన్ మాత్రం వదల్లేదు. తప్పు దిద్ది, పాత నన్నూ కొత్త నన్నూ పక్కపక్కన పెట్టి పది రోజులు నడిపింది. వచ్చిన ప్రతి మనిషికీ రెండు చీటీలు. ఆ పది రోజుల్లో ఒక్క చీటీ కూడా తేడా రాలేదు. నూట అరవై మూడు మెట్లూ ముప్ఫై ఒక్క వరుసలుగా మారాయి. నాలో పెదనాన్నను మూడు చోట్ల అనుమానించినట్టు అప్పుడే బయటపడింది. పాపం, ఆయన ఎవరికి ఏం చేశాడో. ఒక్క భయమూ పోలేదు, అన్నీ ఒక్క కాగితం మీదికి వచ్చాయి. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి నన్ను నేను పూర్తిగా చదువుకున్నాను.

నౌషీన్ ఆ కాగితాన్ని సుభాషిణి ముందు పెట్టింది. “మేడమ్, మీరు రాసినవన్నీ ఉన్నాయండి. చూసుకోండి. కానీ కింద ఈ ఒక్క వరుస ఖాళీగా ఉంది. పాతదాంట్లో కూడా లేదు. అన్నీ పక్కపక్కన పెడితేనే కనబడింది.”

“ఏ వరుసమ్మా?”

“ఎవరూ రాకపోతే ఏం చెయ్యాలో మీరు రాయలేదండి.”

నిజమే. ఎవరెవరు వస్తారో అని అన్ని భయాలు పడిన మనిషి, ఎవరూ రాని పిల్ల గురించి ఒక్క ‘ఒకవేళ’ కూడా రాయలేదు. అలాంటి పిల్లలు ప్రతి ఏడూ ఉంటూనే ఉన్నారు. సాయంత్రం ఆరైనా ఆఫీసు గదిలో సుభాషిణి పక్కన కూర్చుని, ఆమె డబ్బాలో జంతికలు తింటూ ఉండేవారు. రాయాలని ఆమెకు తోచలేదు. తాను అక్కడే ఉండేది కదా.

సుభాషిణి కాగితం తీసుకుంది. పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. సరే అంటుందో వద్దు అంటుందో ముఖం చూస్తే తెలియడం లేదు. వాచ్‌మన్ ఒకసారి తొంగి చూసి వెళ్ళాడు. నౌషీన్ కీబోర్డు మీద వేళ్ళు పెట్టి అలాగే కూర్చుంది. ఆ ఖాళీ వరుసలో గీత ఒకటి వెలుగుతూ, ఆరుతూ, వెలుగుతూ ఉంది. బడి వదిలే గంట కూడా కొట్టేశారు.

అప్పుడు సుభాషిణి కాగితం మీంచి కళ్ళు తియ్యకుండా అంది:

“నా ఫోన్ నంబరు రాయమ్మా. ఒకవేళ ఎత్తకపోతే మళ్ళీ చెయ్యమని కూడా రాయి. ఫోను ఏ గదిలో పెట్టానో నాకు వెంటనే గుర్తురాదు.”