తిరగబడ్డ పేరు

నేను ఒక సర్క్యూట్ బోర్డును. అరచేతిలో ఇమిడిపోయే రాగిబిళ్లను. ఏ కంపెనీలోనూ పుట్టలేదు. పార్వతీపురంలో రేడియోలు, టీవీలు బాగుచేసే చిన్నంనాయుడి వంటింట్లో, ఇస్త్రీపెట్టె కింద పుట్టాను. మొదట్లో నా మొహం గోడకేసి తిప్పి బిగించారు. ఎందుకో చెప్పాలంటే సిగ్గే, అయినా చెబుతాను.

నాయుడి భార్య అప్పలకొండకు చెవుడు. తలుపు ఎంత బాదినా వినపడదు. గుమ్మంలో మీట నొక్కితే లోపల దీపం వెలిగే ఏర్పాటు చేస్తానని నాయుడు మాటిచ్చాడు. రాగి గీతల బొమ్మ గీసి, ఓ మూల ముచ్చటగా ఆమె పేరు రాసి, జిరాక్స్ షాపుకు పట్టుకెళ్లాడు. అక్కడి లేజర్ ప్రింటర్ నున్నటి క్యాలెండర్ కాగితం మీద నల్లపొడితో నన్ను అచ్చువేసింది. ఆ కాగితాన్ని రాగిరేకు మీద బోర్లించి ఇస్త్రీ చేస్తే నల్లగీతలు రేకుకు అంటుకుంటాయి. తర్వాత మందునీళ్లలో వేస్తే గీతల కింది రాగి నిలిచి, మిగతాది కరిగిపోతుంది. బోర్లిస్తారు కాబట్టి బొమ్మను ముందే తిరగేసి అచ్చువేయించాలి. ముప్పై ఏళ్లుగా మరమ్మతులు చేస్తున్నవాడికి ఆ సంగతి తెలియదా? తెలుసు. జిరాక్స్ షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్న మంగవేణికి ఆ ఒక్క మాట చెప్పడం మరిచిపోయాడు.

ఇంటికొచ్చి ఇస్త్రీ చేసి, కాగితం నానబెట్టి ఊడదీస్తే, అప్పలకొండ పేరు కుడినుంచి ఎడమకు నడుస్తోంది.

"ఓలమ్మో, నా పేరేటి ఇలాగైపోనాది!" అని ఆమె పకపకా నవ్వింది.

ఆయనా నవ్వేసి ఉంటే సరిపోయేది. పెళ్లాం ముందు చిన్నతనమైందని నన్ను మందునీళ్లలో కడిగి ఆరబెట్టి, జేబులో వేసుకుని షాపుకెళ్లి, పదిమంది ముందు బల్లమీద కొట్టాడు.

"తిరగేసి తియ్యమని మరీ మరీ సెప్పి ఎల్లాను గదా! ఏటి సేసినావో సూడు!"

"మీరు సెప్పనేదండీ," అంది మంగవేణి.

"ముప్పయ్యేళ్ల పని నాది. నాను మర్సిపోతానేటి?"

చేరి ఆరు నెలలు కాని పిల్ల మాట ఎవరు నమ్ముతారు? షాపు యజమాని ఆమెను కంప్యూటర్ ముందునుంచి లేపేసి, ఇక రేపట్నుంచి రావద్దన్నాడు. సాక్ష్యం నేనే. నోరులేని సాక్ష్యం దొరికితే మనుషులకు ఎంత ధైర్యమో!

ఆ పూట నాయుడికి అన్నం సహించలేదు. నన్ను పారేయలేదు. గీతలు తిరగబడినా, దీపాన్ని వెలిగించే చిప్పును నా వెనకవైపు అతికిస్తే నేను పనిచేస్తాను. అలాగే చేసి, పేరు కనపడకుండా తిప్పి గోడకు బిగించాడు.

మర్నాడు పొద్దున్నే దీపం వెలిగింది. అప్పలకొండ సంబరంగా పరుగెత్తి తలుపు తీసింది. గుమ్మంలో మంగవేణి, చేతిలో ఓ కాగితం.

"ఈపాలి తిరగేసి తీయించినానండీ. మా ఓనరుతో ఒక్క మాట సెప్పండి, పని పోనాది."

సిగ్గుతో నా రాగి కరిగిపోతే బాగుండుననిపించింది. నాయుడు తలొంచుకుని గొణిగాడు. "తప్పు నాదేనమ్మా."

"ఏటంతన్నావు?" అని అడిగింది అప్పలకొండ. ఆయన కాస్త గొంతు పెంచాడు.

"ఇనబడ్నేదు. ఎవులిది తప్పు?"

ఎదురింటివాళ్లు వాకిట్లోకి వచ్చారు. నాయుడు కళ్లు మూసుకుని అరిచాడు. "తప్పు నాది! ఈ పాపకి నాను సెప్పనేదు! అబద్దమాడినాను!" వీధి చివరి టీకొట్టు దాకా వినపడి ఉంటుంది.

అప్పలకొండ ఆయన చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది. "ఈ అరుపేదో ఆ సాపుకాడ అరిసిరా. నడు."

వెళ్లాడు, అరిచాడు. మంగవేణి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. సాయంత్రం దీపం వెలిగితే, గుమ్మంలో నాయుడే. తన ఇంటికి తానే మీట నొక్కి, భార్య తలుపు తీసేదాకా బయటే నిలబడ్డాడు.

అప్పలకొండ పట్టుబట్టి నన్ను ఇటు తిప్పించింది. వచ్చినవాళ్లు నా మూలనున్న పేరు చూసి అదేమిటని అడుగుతారు. నాయుడు చెవులు ఎర్రబడుతుండగా జరిగింది చెప్పడం మొదలుపెడతాడు. వంటింట్లోంచి ఆమె కేకేస్తుంది:

"గట్టిగా సెప్పు, ఇనబడ్నేదు!"