రెండు పేర్లు, ఒకే రక్తం

నేను ఒక సెంట్రిఫ్యూజ్‌ని. ఆ సోమవారం పొద్దున నా కడుపులో ఎదురెదురుగా నిలబెట్టిన రెండు గొట్టాల మీద రెండు పేర్లున్నాయి, లోపలి రక్తం మాత్రం ఒకే మనిషిది.

ఒక గొట్టం మీద దేముడు అని రాసుంది. రెండోదాని మీద సింహాచలం అని. ఇద్దరూ దూరపు పరుగులు తీసే కుర్రాళ్లు. రెండు గొట్టాల్లోనూ ఉన్నది సింహాచలం రక్తమే. దేముడి గొట్టంలో దేముడు లేడు.

చేసినవాణ్ణి వదిలేస్తే, ఆ సంగతి తెలిసింది నా ఒక్కదానికే. నాకేమో నోరు లేదు.

మొదట నా గురించి కాస్త చెప్పాలి. నేను పుట్టింది అంబాలాలో. తెల్ల రంగు వేసిన ఇనప గిన్నె, పైన మూత, అడుగున మోటారు. గొట్టాలు లోపల పెట్టి మూత వేస్తే గిర్రున తిప్పుతాను. ఎర్రదంతా అడుగుకి దిగుతుంది, పసుపు నీరు పైకి తేలుతుంది. ఆ నీటిని పక్క బల్ల మీది పెట్టె తాగి అంకెలు చెబుతుంది. కష్టం నాది, పేరు దానిది.

నాకు ఒక నియమం ఉంది. ఒంటరి గొట్టాన్ని తిప్పలేను. దానికి ఎదురుగా అంతే బరువు ఉండాలి, లేకపోతే వణికి వణికి బల్ల మీంచి దూకేస్తాను. రెండో మనిషి లేనప్పుడు ఎదుటి గొట్టంలో నీళ్లు పోసి పెడతారు. అది నా మీద జాలి కాదు, బల్ల మీద జాలి.

నా మొదటి యజమాని శ్రీకాకుళంలో ఒక డాక్టరు. నా ప్లగ్గు పీకేసి ఉన్నప్పుడు కూడా బయట కూర్చున్న రోగులతో "మిషన్ తిరుగుతోందమ్మా, కాస్త ఆగండి" అనేవాడు. వాళ్లు భక్తిగా ఆగేవాళ్లు. తర్వాత విజయనగరంలో ఒక ల్యాబు ఆయన నన్ను కొన్నాడు. తన టిఫిన్ డబ్బా నా మూత మీద పెట్టుకునేవాడు. నేను తిరిగినప్పుడల్లా సాంబారు ఒలికేది, తిట్లు నాకు పడేవి. ఆ ల్యాబు మూతపడ్డాక ఊరి చివర పరుగు వీరుల హాస్టలుకి చేరాను. మెస్సు పక్కన ఒక గది, ఒక సింకు, ఒక కిటికీ. వారంలో ఒక పూట పని, మిగతా రోజులు గుడ్డ కప్పుకుని కూర్చోవడం. కిటికీలోంచి గ్రౌండు మీద అడుగుల చప్పుడు వినబడేది. ఆ చప్పుడుతోనే నా కాలక్షేపం.

కోచ్ గొర్లె తవిటినాయుడు మంచివాడు. గట్టిగా పరుగెత్తితే కండ చిట్లుతుంది, చిట్లిన కండలోంచి ఒక పదార్థం రక్తంలోకి కారుతుంది, ఆ అంకె దిగలేదంటే కాళ్లు కోలుకోలేదని అర్థం. ఇది ఆయన ఏదో శిబిరంలో నేర్చుకొచ్చాడు. ప్రతి సోమవారం పరగడుపున అందరికీ రక్తపరీక్ష పెట్టాడు. అంకె ఎక్కువొచ్చినవాడికి వారం విశ్రాంతి.

అంతవరకూ బాగానే ఉంది. విశ్రాంతిలో ఉన్నవాడు చిన్నబుచ్చుకోకూడదని ట్రాక్ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించి, వాడి చేతికి తన విజిలూ స్టాప్‌వాచీ ఇచ్చాడు. ఆయన దృష్టిలో అది గౌరవం. హాస్టల్లో అదే తిట్టయి కూర్చుంది.

"నీకు కుర్చీ పడిందట కదరా."

"ఎమ్మెల్యేగారు కూర్చున్నారు, లేవకండి, లేవకండి."

ఈ దేశంలో మనుషులు కుర్చీ కోసం ఒకళ్లనొకళ్లు తోసుకోవడం రేడియోలో విన్నాను. కుర్చీ అంటే పారిపోయేవాళ్లని ఇక్కడే చూశాను.

వానాకాలంలో దేముడికి కుర్చీ పడింది. "దేముడు పీఠం ఎక్కేడ్రా, హారతి పట్టండి" అని మెస్సులో ఒకటే నవ్వులు. సింహాచలం మాత్రం నవ్వినట్టు వినబడలేదు. ఇద్దరూ పాడేరు అవతల కొండ మీంచి వచ్చినవాళ్లు. ఎప్పుడూ పక్కపక్కనే పరుగెత్తేవాళ్లు, ఆ అడుగుల మధ్య తెలుగు కాని వాళ్ల కొండ భాష వినబడేది.

ఆ తర్వాత చలికాలం మొదట్లో, రాష్ట్ర సెలక్షన్లు దగ్గరపడుతున్నప్పుడు, నేను చెప్పిన ఆ సోమవారం వచ్చింది.

ముఖాలు నాకు తెలియవు. మనుషుల్ని రక్తంతోనే గుర్తుపడతాను. సింహాచలం పసుపు నీరు పల్చటి తేనెలా తేటగా ఉంటుంది. దేముడిది కొంతకాలంగా ఎర్రజీర పడి మసగ్గా వస్తోంది. ఆ రోజు రెండూ తేటగా వచ్చాయి. రెండూ సగమే నిండి, చుక్క తేడా లేకుండా తూగాయి. నా జన్మలో అంత సాఫీగా ఎప్పుడూ తిరగలేదు. భయమేసింది.

రక్తం తీసే ఇందుమతికి అనుమానం రాకపోలేదు. గొట్టం పైకెత్తి చూసి, "నిండా పోశానే" అని గొణిగింది. ఇంతలో ఫోన్ మోగింది. గ్యాస్ బుక్ చేశావా అని మొగుడు. ఆ మాటల్లో పడి గొట్టం సంగతి మర్చిపోయింది.

పక్క పెట్టె అంకె చెప్పింది. దేముడు బాగున్నాడు, పరుగెత్తొచ్చు.

మళ్లీ సోమవారం అదే రక్తం. ఆ మళ్లీ వారం కూడా. నేను చేయగలిగిందల్లా మోటారు కీచుమనిపించడం. ఇందుమతి నూనె చుక్క వేసింది.

ఒక పొద్దున దేముడు స్వయంగా గదిలోకొచ్చాడు. నడకలో కాళ్లు ఈడుస్తున్న చప్పుడు.

"మాస్టారూ, తొడలు రాయిలాగున్నాయండి. మెట్లు దిగలేకపోతన్నాను."

తవిటినాయుడు కాయితం చూపించాడు. "నీ రక్తం పెళ్లికొడుకులాగుంది చూడు. కాళ్లకేటీ కాలేదురా. బుర్ర బద్దకిస్తోంది."

"అయితే బుర్రేనండి," అన్నాడు దేముడు. తన కాళ్ల కంటే ఆ కాయితాన్నే నమ్మాడు.

గుమ్మం దగ్గర్నుంచి సింహాచలం గొంతు. "రారా, ఎల్దాం."

ఆ ఆదివారం రామతీర్థం రోడ్డు మీద లాంగ్ రన్. వెళ్లిన అడుగులన్నీ తిరిగి రాలేదు. దేముడు రోడ్డు పక్కన కూలిపోయాడని, మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చిందని, మూత్రపిండాలు పనిచేయడం మానేశాయని, విశాఖ పెద్దాసుపత్రిలో మిషన్ మీద పెట్టారని మెస్సులో చెప్పుకున్నారు. బతుకుతాడో లేదో తెలియదన్నారు. ఆ వారం గ్రౌండు మీద విజిల్ మోగలేదు. గుడ్డ కింద నేనొక్కదాన్నే.

తర్వాత తలుపు ధడాలున తెరుచుకుంది.

"అక్కడి డాక్టరు ఏటన్నాడో తెలుసా," అన్నాడు తవిటినాయుడు. "ఈ అంకె నెల రోజులుగా పెరిగుండాలి, మీరు గుడ్డివాళ్లా అన్నాడమ్మా. మనం ప్రతి వారం చూశాం కదా."

"చూశాం సార్. నేనే తీశాను, నేనే రాశాను," అంది ఇందుమతి ఏడుస్తూ.

"అయితే మిషనే."

పక్క పెట్టెకి గ్యారంటీ స్టిక్కరుంది. నాకు లేదు. దోషి దొరికిపోయింది.

పాత సామాన్ల చిన్నారావు వచ్చాడు. నన్ను ఒకసారి ఎత్తి చూశాడు. "ఇందులో రాగి ఉంటదా అమ్మా?" అన్నాడు. ఇన్నేళ్లలో నా లోపల ఏముందని అడిగిన మొదటి మనిషి అతనే. ప్లగ్గు పీకి, వైరు నాకే చుట్టి, గుమ్మం దాకా మోశాడు.

గుమ్మానికి ఎవరో అడ్డం నిలబడ్డారు.

"మిషన్ని పంపకండి మాస్టారూ." సింహాచలం. "దాని తప్పేటీ లేదండి. నానే చేసేను."

చిన్నారావు నన్ను మెల్లగా గడప మీద దించాడు.

"వరసలో నానెప్పుడూ ఆఖరోణ్ణి కదండి. నా రక్తం తీసేక మేడమ్‌గారు చేతులు కడుక్కోడానికి సబ్బున్న బయట కుళాయి కాడికెళ్లేవోరు. ఆ సందులో దేముడి గొట్టం సింకులో ఒంపేసి, కడిగేసి, నాది సగం పోసేవోణ్ణి. గడ్డకట్టకముందే. ఆడికి తెలీదండి. ఆణ్ణేటీ అనకండి."

"ఎందుకురా? ఆడు పడిపోతే సెలక్షన్లో నువ్వుంటావనా?"

"అదైనా బాగుండేదండి. ఆడు నాకంటే ముందుండేవోడు, ఉంటే నాకేటి. వానల్లో ఆడికి కుర్చీ ఏసేరు కదండి, ఆ వారం నానొక్కణ్ణే పరిగెత్తేను. మెస్సులో మా బాస మాటాడొద్దన్నారు మీరు. మేం ఆళ్లని తిట్టుకుంటన్నామని మిగతావోళ్లు అనుకుంటన్నారని. నిజమే, మీరన్నదీ తప్పు కాదు. కానీ మాకు రోడ్డు మీదే కదండి మాటలు. ఊపిరందకపోయినా మాటాడేసుకునేవోళ్లం. వాళ్లమ్మ మాటలు, మా అయ్య మాటలు, కొండమీద ఏ చెట్టు కాసిందో, అన్నీ. ఆ వారం నోట్లో మా బాస ఎండిపోయిందండి. మళ్లీ అలాటి వారం రాకూడదనుకున్నాను. అంతేనండి. కాళ్లు నొప్పంటే ఓర్చుకుంటాడులే అనుకున్నాను.

నిన్న ఆసుపత్రికెళ్లేను. ఆడు కళ్లు తెరిచేడు. నన్ను చూసి మా బాసలోనే అడిగేడు, ఈ సోమవారం నా అంకె ఎంతొచ్చిందిరా అని. ఆ బాసలో నాకు అబద్ధం నోటికి రాలేదండి. తెలుగులో చెప్పేను, బాగానే వచ్చిందిరా అని."