గంట తప్పిన లెక్క

మారెప్ప కొలత గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తి, కన్ను గీతకు సరిగ్గా తెచ్చి చూశాడు. గంటకు ముప్పై అయిదు మిల్లీలీటర్లు రావాల్సిన మూత్రం పన్నెండే వచ్చింది. కాలిన ఒంట్లోకి ఎంత నీరు పోయింది, ఎంత బయటికొచ్చింది, ఆ వార్డులో బతుకంతా ఈ రెండు అంకెల మీదే. ముప్పై ఒక్కేళ్ల వార్డుబాయ్ పనిలో అతను ఒక్క గంట కూడా దాటవేయలేదు.

బక్కపలచని మనిషి. స్పిరిట్‌కు తెల్లబడిన వేళ్లు. ఈ రోజుతో నౌకరీ సరి. కరువు ఏట దొరికిన పని ఇద్దరు బిడ్డల్ని పెంచింది. ఈ నౌకరీలో లాభం తనదేనని అతని నమ్మకం.

అతను రాసిన అంకెలతోనే డాక్టర్ వనజాక్షి రెండేళ్లుగా కంప్యూటర్లో ఒక గణితం కట్టింది. బరువు, కాలిన మేర, కాలిన వేళ చెబితే రక్తనాళాల్లోంచి ఎంత నీరు ఊరిపోతుందో, ఏ గంటకు ఎంత మూత్రం రావాలో గీత గీసి చూపుతుంది. స్టవ్ పేలి కాలిన కదిరమ్మను కణేకల్ దిక్కు నుంచి పదిన్నరకు తెచ్చారు. ఆమె ఆ గీతకు చాలా కింద ఉంది. ఇట్లాగే సాగితే మూత్రపిండాలు ఆగిపోతాయి. తన గణితమే తప్పేమోనని డాక్టరమ్మ తల పట్టుకుంది.

మారెప్ప బయటికెళ్లి, గోడకానుకున్న ఆమె మొగుడు ఓబులేష్ పక్కన కూర్చున్నాడు. పొద్దున ఎనిమిదికి కాలిందని రాయించింది అతనే. మారెప్ప గడియారం మాట ఎత్తలేదు.

"ఏమప్పా, నిప్పంటుకున్నప్పుడు సేనికి కరెంటు వచ్చిండెనా?"

"మోటరేసి అప్పుడే ఇంటికొస్తి అన్నా."

"ఈ వారం మీ దిక్కు కరెంటు వంతు తెల్లారి అయిదుకు గదా?"

ఓబులేష్ తల దించుకున్నాడు. ముందు పసరు వైద్యుడి దగ్గరికి తీసుకుపోయామని, చెబితే తిడతారని మూడు గంటలు దాచానని ఒప్పుకున్నాడు.

"తిడితే నన్ను తిట్నీలే. నీ పెండ్లాం బతకల్ల గదా."

లోపలికొచ్చి మెల్లగా అన్నాడు. "లెక్క సరిగానే ఉండాదమ్మా. గంటే తప్పు. కాలింది అయిదుకు."

వనజాక్షి వేళ మార్చింది. గీత దిగొచ్చి పన్నెండు మిల్లీలీటర్ల మీద నిలిచింది. కాలినప్పటి నుంచి మొదటి ఎనిమిది గంటల్లో, అంటే మధ్యాహ్నం ఒంటిగంటలోపు, ఎక్కాల్సిన సెలైన్‌కు ఇక గంటే మిగిలింది. కదిరమ్మ రెండో చేతికీ సూది పడింది.

సాయంత్రం అయిదుకు గ్లాసులో నలభై వచ్చింది. డాక్టరమ్మ ఆ అంకె తానే రాసి, పక్కన సంతకం పెట్టమని కలం అతని చేతికిచ్చింది. "ఈ లెక్క మనిద్దరిదీ అన్నా" అంది. ముప్పై ఒక్కేళ్లలో ఆ అంకెల పక్కన అతన్ని సంతకం అడిగినవాళ్లు లేరు. వంకర అక్షరాలతో నిదానంగా పెట్టాడు.

ఆరుకు ఎవరికీ చెప్పకుండా బస్టాండు దిక్కు నడిచాడు.

కాసేపటికి ఓబులేష్ మారెప్పను వెతుక్కుంటూ వచ్చాడు. అన్న ఇక రాడని ఆయా చెప్పింది. తన తల్లి ఊరి నుంచి అన్న కోసం తెచ్చిన మూటను అతని ఖాళీ స్టూలు మీద పెట్టి, పెండ్లాం దగ్గరికి పోయాడు.

విత్తనానికని ఒక్కొక్కటే ఏరి దాచిన చెనక్కాయలు, పాత తువ్వాలులో శేరుకు పైనే, ముడి విప్పకుండా.