పిచ్చుక తీసిన నల్లటి ఫోటో

శిశుతరగతి టీచరు ఆ ఉదయం తన పాత కెమెరాను నాలుగేళ్ల పిల్లల చేతికిచ్చి, "బడిలో మీకు బాగా నచ్చిన చోటు ఫోటో తీసుకురండి" అంది. ఫోటో చూపించి పిల్లల చేత నాలుగు మాటలు చెప్పించడం ఆమె పద్ధతి. ఒకడు నీళ్ల కుళాయి తీశాడు. ఒకతె ఆయా మోకాలు తీసింది. అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల తెచ్చింది మాత్రం ఒట్టి నలుపు.

"చెయ్యి అడ్డం పెట్టావా తల్లీ?" అని నవ్వి, టీచరు కెమెరా పక్కవాడికిచ్చింది. పిల్ల ఏదో చెప్పబోయి ఊరుకుంది.

ఆటలయ్యాక టీచరు తలలు లెక్కపెడితే పంతొమ్మిదికి పద్దెనిమిదే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. పద్దెనిమిదే. పిచ్చుక లేదు.

మరుగుదొడ్లు చూశారు, జారుడుబల్ల వెనక చూశారు. గేటుకు గడియ వేసే ఉందని ఆయా ఒట్టేసి చెప్పింది. "ఇంతలోకే ఎక్కడికి పోతుందమ్మా, రెక్కలొచ్చాయా?" అంటూనే ఏడ్చేసింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ నలుపు. టీచరు ఫోటోను పెద్దది చేసింది. పైన సన్నటి వెలుగు గీత, కింద ఎర్రగుడ్డ అంచు.

ఆయా ఒక్క చూపులో పోల్చుకుంది. "అయ్యో, నాటకాల బట్టల పెట్టె! లోపల కూర్చుని తీసిందమ్మా!"

సామాన్ల గదికి ఎలా పరిగెత్తిందో టీచరుకు తెలియదు. పెట్టె మూతకు గడియ దానంతటదే పడిపోయి ఉంది. వెనకే వచ్చిన ఆయా దాన్ని లాగింది. లోపల పిల్ల చెమటతో తడిసి ముద్దయి, పెదవులు తెల్లబారి, ముడుచుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. ఎత్తుకుని వరండాలోకి పరిగెత్తారు. గాలి తగిలాక పిల్ల దగ్గింది. కళ్లు తెరిచి, "పిలిచాను టీచర్. మీరు రాలేదు" అంది.

డాక్టరు భయం లేదన్నాక టీచరు పిల్ల తల్లి దగ్గర ఏమీ దాచలేదు. "పొద్దునే చూశానండీ. ఇది ఎక్కడమ్మా అని అడగలేదు."

తల్లి ఆ ఫోటో చూసింది. "అంటే, అది మీకు చెప్పే వెళ్లింది" అంది. తిట్టినా బాగుండేదనిపించింది టీచరుకు.

ఆయా ఆ రోజే పెట్టె గడియ ఊడబీకింది. వారం తర్వాత పిచ్చుక బడికి వచ్చింది. కెమెరా ఇస్తే తీసుకోలేదు. టీచరు చెయ్యి పట్టుకుని, బడి వదిలేదాకా విడవలేదు.